నీతిమంతుల శ్రమ – దేవుని సర్వాధికారము
(శతవత్సర కూటములలో చేసిన ప్రసంగము)



నూరేండ్ల పండుగలో స్తుతులే గాని కన్నీటి మాటలేల అని మనలో కొందరికి అనిపించవచ్చును. గాని ఈ కృష్ణా తీరపు సంఘచరిత్రను సమాధులను విడిచిపెట్టి చెప్పుకొనుట సాధ్యము కాదు. 1841లో నోబుల్, ఫాక్సు దొరలు మచిలీపట్నము వచ్చిరి. ఫాక్సుగారు 1848లో, 31 ఏండ్ల ప్రాయముననే కన్నుమూసిరి. 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన ఆ పట్టణమును ముంచివేయగా సుమారు 30,000 మంది నశించిరి. మరుసటి యేడే నోబుల్‌గారు అక్కడనే ప్రభువునందు నిద్రించిరి.

ఇక దివిసీమ సంగతి మన పెద్దలు మరువగలరా? 1977 నవంబరు 19, శనివారము. సముద్రము తాటిచెట్లంత యెత్తున లేచి వచ్చినదని చూచినవారు చెప్పిరి. 10,000 మందికి పైగా చనిపోయిరి. మరునాడు ఆదివారము. ఎన్ని పల్లెలలో ఆ ఉదయము గుడిగంట మ్రోగలేదో ప్రభువునకే యెరుక. ముందటి ఆదివారము ప్రభువు బల్లయొద్ద మోకరించినవారే కొట్టుకొనిపోయిరి.

ఆ వారములో బియ్యము, బట్టలు మోసికొని మేము కొందరము ఆ పల్లెలకు వెళ్లితిమి. భార్యను, ఇద్దరు పిల్లలను పోగొట్టుకొనిన ఒక సంఘపెద్ద చెరువుగట్టున కూర్చుండి యుండెను. మేము నిలువబడియే, “అంతా దేవుని చిత్తమండి, ఓర్చుకోవాలి” అంటిమి. ఆయన తల యెత్తి, “ఆ మాట నేను చెప్పుకొనే రోజు వస్తే చెప్పుకొంటాను బాబూ. మీరు చెప్పకండి. కాసేపు కూర్చోండి” అనెను. మేము సిగ్గుపడి కూర్చుంటిమి.

తరువాత యోబు గ్రంథము తెరచినప్పుడు మాకు తెలిసినది. యోబు బిడ్డలు కూడ పెనుగాలికి ఇల్లు కూలి చనిపోయిన వారే. ఆయన స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చుండిరి. వారు చేసిన మేలు అదే. నోరు తెరచి, పాపము చేసితివి గనుకనే శ్రమ వచ్చినదని వాదించిరి. తుదకు దేవుడు ఎవరిని గద్దించెను? తనతో వ్యాజ్యమాడిన యోబును ప్రశ్నించెను గాని, తన పక్షమున మాటలాడుచున్నామనుకొనిన స్నేహితులపైననే కోపించెను. సిలోయములో గోపురము పడి చచ్చిన 18 మంది ఇతరులకంటె పాపులు కారని మన ప్రభువు కూడ సెలవిచ్చెను. కాబట్టి శ్రమను చూచి లెక్కలు కట్టు అధికారము మనకు లేదు.

మరి దేవుని సర్వాధికారమును అంగీకరించుట యనగా ఏమి? అది తలవ్రాత యని చేతులు ముడుచుకొనుట కాదు. తలవ్రాతతో మాటలాడలేము, తండ్రితో మాటలాడగలము. యోబునకు తన శ్రమకు కారణము కడవరకు తెలుపబడలేదు. గాని అడిగినవాడు దేవుని యెదుటనే నిలిచి అడిగెను, దేవుడు ఆయనయొద్దకు వచ్చెను. గెత్సేమనేలో మన ప్రభువు గిన్నె తొలగింపుమని ముమ్మారు వేడుకొనిన తరువాతనే తండ్రి చిత్తమునకు లోబడెను. కన్నీళ్లు లేని లోబాటును ఆయన మనకు నేర్పలేదు.

అంతేకాదు, దేవుని చిత్తమను మాట మన సోమరితనమునకు ముసుగు కారాదు. 1977 తరువాత తీరమున తుపాను ఆశ్రయములు కట్టబడెను. 1990 మే నెలలో ఈ తీరమునకే మరియొక పెనుతుపాను వచ్చినప్పుడు లక్షలాదిమందిని ముందుగా తరలించుటచేత ప్రాణనష్టము ఎంతో తగ్గినది. గాలిని ఆపుట మన చేతిలో లేదు. పొరుగువానిని మేడ యెక్కించుట మన చేతిలో నున్నది. రెండును దేవుని యేలుబడిలోనివే.

ఆ చెరువుగట్టు సంగతి ముగించెదము. చాలసేపటికి ఆయన, “ఇప్పుడు ప్రార్థన చేయండి బాబూ. నా పిల్లల పేర్లు చెప్పి చేయండి” అనెను. పేర్లు అడిగి తెలిసికొని ప్రార్థించితిమి. ఆమేన్ అని మాకంటె ముందు పలికినది ఆయనయే.

ప్రియులారా, ఈ పండుగలో గుళ్లు కట్టినవారి పేర్లు చదువుచున్నాము. మన సంఘములలో ఉప్పెన మ్రింగినవారి పేర్లు కూడ చదువుదము. కారణము చెప్పలేము, మరువము. వారిని ఎరిగినవాడు సింహాసనాసీనుడై యున్నాడు. ఆయన చేతిలో వారిని, మనలను ఉంచుదము.

ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.