భూకంపమునకు నిలుచు కొయ్య కీళ్లు

(గ్రామస్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



భూకంపము మనకు దూరపు మాట కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమున 5.7 తీవ్రతతో భూమి కంపించినది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో మరల కదలినది. కనుక కొయ్య దూలములతో ఇల్లు కట్టుకొనువారు ఒక సంగతి తెలిసికొనవలెను.

భూమి ఊగినపుడు ఇంటిపై పడు బలము ఇంటి బరువును బట్టి యుండును. కొయ్య తేలిక యగుట మేలే. కాని కొయ్య ఇంటికి ఆయువుపట్టు కీలు. 1995 జనవరి 17న జపానులోని కోబే ప్రాంతమున ఆరు వేలకు పైగా ప్రజలు మరణించిరి. అచట కూలిన పాత కొయ్య ఇండ్లు అనేకము పైన బరువైన పెంకుకప్పు, క్రింద చాలినంత పట్టులేని గోడలు, కీళ్లు గలవి. 2005 అక్టోబరు 8న కాశ్మీరమున భూకంపము వచ్చినపుడు, కొయ్య చట్రములలో రాయి, మట్టి నింపి కట్టిన ‘ధజ్జీ దీవారీ’ ఇండ్లు పెక్కు నిలిచినవి. వాని కీళ్లు కొద్దికొద్దిగా కదలి, ఆ రాపిడిలో ఊపును హరించినవి.

ఇక జిగురు మాట. పొడవైన దూలము దొరకనపుడు ముక్కలను అతికి వాడుదమను ఆలోచన కలుగును. బాగుగా ఆరిన కొయ్యను, రెసార్సినాల్ వంటి తడికి చెదరని జిగురుతో, కర్మాగారమున సమముగా అదిమి అతికినచో దూలము మంచి బలము గలదగును. అయినను జిగురు అతుకు వంగదు. హద్దు దాటినచో ఒక్కసారిగా విడిపోవును. మేకు వంగును, ఇనుప చీల సాగును. ఆ వంగుటలోనే ఇంటివారి ప్రాణములు దక్కును.

తెల్ల జిగురు చాలదా యని వడ్రంగి సోదరులు అడుగవచ్చును. తలుపునకు, బల్లకు చాలును. ఇంటి బరువు మోయు కీలునకు చాలదు. అది తడికి మెత్తబడును, ఎడతెగని బరువునకు మెల్లమెల్లగా జారును.

కావున వానలకు ముందే మీ ఇంట నిట్టాడిపై దూలము కూర్చున్న చోటును పరీక్షింపుడు. కుసి బెజ్జమున బిగువుగా నున్నదా? చెద పట్టినదా? దూలము కేవలము బరువుతోనే ఆనియున్నచో, వడ్రంగిని పిలిచి ఇనుప పట్టీ వేయించి, చీలలతో బిగింపించుడు. మూలలయందు ఏటవాలు కొయ్యలను కొట్టించుడు. జిగురు కీలునకు తోడు కావచ్చును గాని, ఇంటికి కాపు కాజాలదు.