గుడ్డలో లోహం: రిపోర్టులో ఏం చూడాలె?



సిరిసిల్ల మరమగ్గాల మీద పాలిస్టర్ గుడ్డ బాగా నేస్తరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మన అక్కలు బట్టలు కుడుతున్నరు. పాలిస్టర్ తయారీలో చాలావరకు యాంటిమొనీ వాడతరు; అది కొంచెం దారంలో మిగులుతది. కొన్ని రంగుల్లో రాగి, క్రోమియం ఉంటయి. ఇవి కంటికి కనపడవు, చేతికి తెలియవు.

ల్యాబుల్లో రెండు తీర్ల కొలుస్తరు. ఒకటి, గుడ్డ ముక్కను ఆమ్లంలో కరిగించి మొత్తం లోహం లెక్కగట్టుడు. రెండోది, చెమటలాంటి ద్రావణంలో 37 డిగ్రీల వేడిమీద నానబెట్టి, బయటికొచ్చిన లోహం చూసుడు. తొడుక్కున్నోళ్ల ఒంటికి ఎంత తగులుతదో చెప్పేది ఈ రెండోదే. ఓకో-టెక్స్ ప్రమాణంలో ఇట్ల వచ్చే సీసం కిలో గుడ్డకు పసిపిల్లల బట్టల్లో 0.2 మిల్లీగ్రాములు, ఒంటికి తగిలే పెద్దల బట్టల్లో 1 మిల్లీగ్రాము దాటొద్దు.

అందుకే గుడ్డ కొనేటప్పుడు మనం రెండు మాటలు అడగాలె: ఈ రిపోర్టు ఏ లాటుది? ఇందులోది మొత్తం లెక్కనా, చెమట లెక్కనా? రంగు మారితే పాత రిపోర్టు పనికిరాదు. పరీక్ష ఖర్చు ఒక్క సంఘానికి బరువే. సంఘాలన్నీ కలిసి ఒకే లాటు కొంటే ఆ ఖర్చు పంచుకోవచ్చు. మనం కుట్టిన బట్టకు పూచీ మనదే.