తెలుగు వెబ్‌సైటు త్వరగా తెరుచుకోవాలంటే

(హోసూరులో తెలుగు సంఘాల కార్యకర్తలకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బరంపురం, బళ్లారి, షోలాపురం, యానాంల నుండి ఇంత దూరం వచ్చిన మీకు ముందుగా ఒక పొరపాటు గురించి చెప్పాలి. ఆ పొరపాటు మాదే. మా సంఘం వెబ్‌సైటులో ఒకసారి తల్లిదండ్రుల కోసం ఒక ప్రకటన ఉంచాము. బడిలో తమ పిల్లలకు తెలుగు పాఠం కావాలని కోరే అర్జీ నమూనా, దానిని అందజేయవలసిన చివరి తేదీ అందులో ఉన్నాయి. రెండు రోజుల తరువాత గడువును తగ్గించినట్లు తెలిసింది. వెంటనే తేదీని దిద్దాము. మా కార్యాలయపు కంప్యూటరులో కొత్త తేదీ కనబడింది. ఊళ్లలోని వారి ఫోన్లలో మాత్రం పాత తేదీయే ఉండిపోయింది. గడువు దాటిన మరునాడు కొందరు అర్జీలు పట్టుకొని వచ్చారు. వారికి ఏమని సమాధానం చెప్పగలం? ఆరా తీయగా, వెబ్‌సైటు వేగం పెంచడానికి మేమే చేర్చుకొన్న ఒక ప్లగిన్ పాత పుటను దాచిపెట్టుకొని దానినే అందరికీ పంచుతోందని తేలింది.

అందుచేత ఈ రోజు ప్లగిన్ల మేలును మాత్రమే చెప్పి ఊరుకోను. వాటితో వచ్చే చిక్కులనూ చెబుతాను.

మనలో చాలా సంఘాల వెబ్‌సైట్లు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ప్రతి పదింటిలోనూ నాలుగింటికి ఇదే ఆధారం. అసలు సాఫ్ట్‌వేరులో లేని పనిని పైనుండి తగిలించుకొనే చిన్న సరంజామాయే ప్లగిన్. ఈ ఏర్పాటు 2004లో వచ్చింది. దీనిని ‘చేర్పు’ అనవచ్చునని నా అభిప్రాయం. కానీ మీరు రేపు ఇంటికి వెళ్లి వెదికేటప్పుడు కనబడే మాట ప్లగినే గనుక ఇక్కడ అదే వాడుతున్నాను. మాటకోసం పేచీ తరువాత పెట్టుకుందాం. ఉచితంగా దొరికే ప్లగిన్లు వేలకు వేలు ఉన్నాయి. చిక్కంతా అక్కడే. మా వెబ్‌సైటులో ఒక దశలో ముప్పై ఒకటి ఉండేవి. ఎవరు ఏది ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు పదకొండు ఉన్నాయి.

ఇక వేగం సంగతి. వర్డ్‌ప్రెస్‌లో పుట సిద్ధంగా ఉండదు. ఎవరైనా అడిగిన ప్రతిసారీ సర్వరు లోపలి పట్టికలను వెదికి, తలకట్టు, వ్యాసం, అంచులు కూర్చి పుటను తయారుచేస్తుంది. టిఫిను హోటలులో ఒక్కొక్కరు అడిగినప్పుడల్లా ఒక్కొక్క ఇడ్లీకి పొయ్యి వెలిగించినట్లన్నమాట. ఒక వాయి ముందే దించి పెట్టుకొంటే వచ్చినవారికి వచ్చినట్లు వడ్డించవచ్చు. ‘క్యాషింగ్’ అంటే ఇదే. డబ్ల్యూపీ సూపర్ క్యాష్, డబ్ల్యూ3 టోటల్ క్యాష్ వంటి ప్లగిన్లు ఈ పని చేస్తాయి. మీ సర్వరు లైట్‌స్పీడ్ రకానిదైతే లైట్‌స్పీడ్ క్యాష్ బాగా పనికివస్తుంది. ఇంకో రకం సర్వరు మీద దాని పుటల దాపు పనిచేయదు. కాబట్టి ముందు మీకు చోటు అద్దెకిచ్చిన సంస్థను అడిగి తెలుసుకోండి. వీటిలో ఒక్కదానినే పెట్టుకోవాలి. రెండు పెడితే వేగం రెట్టింపవుతుందని మేమూ అనుకొన్నాము. అవి రెండూ సర్వరులో ఒకే పేరుగల ఫైలు కోసం పోట్లాడుకొంటాయి.

తేదీ విషయంలో మేము దెబ్బతిన్నది కూడా ఇక్కడే. లోనికి ప్రవేశించి పనిచేసే నిర్వాహకునికి ఈ ప్లగిన్లు సాధారణంగా తాజా పుటనే చూపుతాయి. బయటివారికి దాచినదానిని ఇస్తాయి. అందుకే మాకు కొత్త తేదీ, ఊళ్లవారికి పాత తేదీ. పైగా మా సర్వరు సంస్థవారు కూడా తమవైపు మరో దాపు నడుపుతున్నారని మాకు అప్పటికి తెలియదు. ప్లగిన్‌లో దాపును చెరిపినా అవతలిది చెరగలేదు. అప్పటినుండి మా కట్టుబాటు ఒకటుంది. తేదీ, రుసుము, చిరునామా వంటివి దిద్దినప్పుడు రెండు దాపులనూ చెరిపి, ప్రవేశించని ఒక ఫోనులో, సిమ్ కార్డు డేటాతో పుటను తెరచి చూసిన తరువాతనే పని ముగిసినట్లు లెక్క.

తెలుగు పుట సహజంగానే బరువైనదని ఒక అపవాదు ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తం ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. అయితే ప్రతి తెలుగు సంకేతంలోనూ మొదటి బైటు ఒకటే, రెండవది రెండే రెండు విలువలలో ఒకటి. ఒకే సరుకు మళ్లీ మళ్లీ వచ్చేచోట కుదింపు బాగా కుదురుతుంది. సర్వరులో జీజిప్ కుదింపు పనిచేస్తూ ఉంటే ఈ భారం చాలావరకు తీరిపోతుంది. మన పుటలు నెమ్మదించడానికి కారణం మన లిపి అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అసలు బరువు బొమ్మలది. సభ ముగిసిన రాత్రే ఫోనుతో తీసిన ఇరవై ఫోటోలను ఉన్నవి ఉన్నట్లుగా ఎక్కిస్తాము. ఒక్కొక్కటి నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. 2019 నవంబరులో వచ్చిన 5.3 కూర్పు నుండి వర్డ్‌ప్రెస్ మరీ పెద్ద బొమ్మలను తానే 2560 బిందువుల కొలతకు తగ్గిస్తోంది. ఫోను తెరకు అదీ ఎక్కువే. స్మష్, ఈడబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఇమేజ్ ఆప్టిమైజర్ వంటి ప్లగిన్లు ఎక్కించేటప్పుడే కుదిస్తాయి, పాతవాటినీ వరుసగా కుదిస్తూ పోతాయి. కిందికి జరిపినప్పుడు మాత్రమే బొమ్మను తెప్పించే ఏర్పాటు 2020లోని 5.5 కూర్పుతోనే అసలు సాఫ్ట్‌వేరులోకి వచ్చింది. దానికోసం ప్రత్యేకంగా పెట్టిన పాత ప్లగిన్ ఉంటే ఇక తీసివేయవచ్చు. మేము తీసివేసిన ఇరవైలో అది మొదటిది.

బొమ్మల తరువాత ఖతులు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే ప్లగిన్లు చేసే ఇంగ్లీషువారికి ఈ ఇబ్బంది తెలియదు. తెలుగు ఖతిలో అక్షరాలేకాక గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు ఎన్నో రూపాలుగా ఉంటాయి. అందువలన ఫైలు పెద్దదవుతుంది. మండలి, రామభద్ర, సురవరం, తెనాలి రామకృష్ణ అని మన పేర్లతోనే గూగుల్ ఫాంట్స్‌లో చక్కని ఉచిత ఖతులు ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నాయని నాలుగింటిని పెడితే, చదవరి తెర మీద అక్షరం కనబడకముందే నాలుగు ఫైళ్లు దిగాలి. నా మాట వింటే, వ్యాసపు ఒడలికి ఏ ఖతినీ దించవద్దు. విండోసులో గౌతమి, నిర్మల ఎప్పటినుండో ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఉంటుంది. శీర్షికలకు మాత్రం ఒక ఖతిని ఎంచుకోండి. దానిని వోఫ్2 రూపంలో మీ సర్వరులోనే ఉంచండి. ఓఎంజీఎఫ్ అనే ప్లగిన్ ఆ పని చేసిపెడుతుంది. ఖతి దిగేలోపు ఫోనులోని ఖతితో అక్షరాలు చూపే ఎంపిక కూడా అందులో ఉంది. అది తప్పక పెట్టుకోండి.

ఇంకొక హెచ్చరిక. ఖతిని చిన్నదిగా చేస్తామని చెప్పే పరికరాలు కొన్ని అక్షరాలను ఉంచి, వాటిని కలిపే సూత్రాల పట్టికను కోసివేస్తాయి. అప్పుడు ‘రాష్ట్రం’ అన్న మాట పొల్లులతో విడివిడిగా పడుతుంది. కుదించిన తరువాత వత్తులున్న నాలుగు మాటలు రాసి చూసుకోవాలి. ఇంగ్లీషు అలంకరణలలో వరుసల మధ్య ఎడం తక్కువ. ‘స్త్రీ’, ‘వైశిష్ట్యం’ వంటి మాటల కింది వత్తు పై వరుసకూ కింది వరుసకూ నడుమ నలిగిపోతుంది. అలంకరణలో ‘అదనపు సీఎస్‌ఎస్’ అన్నచోట ఎడాన్ని ఒకటిన్నర దాటించి 1.7 వరకు పెంచితే కంటికి సుఖం. దీనికి ప్లగిన్ అక్కరలేదు.

పుటల చిరునామాల సంగతి మరీ విచిత్రం. శీర్షికను తెలుగులో రాస్తే వర్డ్‌ప్రెస్ దానినే చిరునామాగా మారుస్తుంది. లోపల ఒక్కొక్క తెలుగు సంకేతాన్ని శాతం గుర్తులతో తొమ్మిది గుర్తులుగా రాసుకొంటుంది. చిరునామాకు కేటాయించిన చోటు 200 గుర్తులు. అంటే ఇరవై రెండు సంకేతాలు. ‘హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమ పాఠశాలలు’ అని శీర్షిక పెడితే ‘హోసూరు ప్రాంతంలో తెలుగు’ దగ్గర తెగిపోతుంది. ‘హోసూరు ప్రాంతంలో తెలుగు’ అని మొదలయ్యే మరో వ్యాసం రాస్తే దానికీ అదే చిరునామా వచ్చి, చివర 2 అని అంకె తగులుతుంది. కాబట్టి చిరునామాను మీరే రెండు మూడు చిన్న మాటలలో రాయండి. తెలుగులోనే రాయండి, రోమనుకు పోనక్కరలేదు. పాత వెబ్‌సైటు చిరునామాల తీరంతా మార్చేటట్లయితే రీడైరెక్షన్ అనే ప్లగిన్ పాత దారిలో వచ్చినవారిని కొత్త పుటకు చేరుస్తుంది.

మన పుటలలో వెదుకులాట ఎందుకు సరిగా పనిచేయదో చాలామంది అడుగుతుంటారు. వర్డ్‌ప్రెస్ మీరు కొట్టిన అక్షరాల వరుస ఉన్నది ఉన్నట్లు ఎక్కడైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. ‘పాఠశాల’ అని వెదికితే ‘పాఠశాలలో’ కూడా దొరుకుతుంది. ‘పుస్తకం’ అని వెదికితే ‘పుస్తకాలు’, ‘పుస్తకాన్ని’ దొరకవు, సున్న పోయి దీర్ఘం వచ్చింది గనుక. మన విభక్తులు దానికి తెలియవు. రెలెవాన్సి అనే ప్లగిన్‌లో సమానార్థక పదాల పట్టిక ఇచ్చుకోవచ్చు. ‘పుస్తకం’ ఎదుట ‘పుస్తకాలు’, ‘బడి’ ఎదుట ‘పాఠశాల’ అని. ఇక్కడే మన ప్రాంతాల మాటలకు చోటు దొరుకుతుంది. మీ ఊళ్లో పెద్దవారు వాడే మాట, పాఠ్యపుస్తకంలోని మాట పక్కపక్కన రాయండి. పట్టిక తయారుచేయడం ఓపికతో కూడిన పనే. కానీ మనవంటి వారు తప్ప ఇతరులు చేయలేని పని.

భాషల విషయానికి వస్తే, మన వెబ్‌సైట్లలో తెలుగుతోపాటు ఆ రాష్ట్రపు భాష కూడా ఉండాలి. అధికారులు చదవాలి కదా! పాలీలాంగ్ ప్లగిన్‌తో ఒకే వ్యాసానికి తెలుగు, తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ పుటలను విడివిడిగా రాసి జంట కలపవచ్చు. యంత్రంతో అప్పటికప్పుడు అనువదించే ప్లగిన్లను అర్జీలకు, ప్రభుత్వ ఉత్తరువులకు వాడవద్దు. వెబ్‌సైటు అమరికలలో భాష ‘తెలుగు’ అని పెట్టడం మరచిపోకండి. అది ఇంగ్లీషుగానే ఉండిపోతే, చూపులేని వారికి పుటను చదివి వినిపించే పరికరం పొరబడుతుంది. ప్లగిన్ల బొత్తాల మీద ఇంగ్లీషు మాటలు మిగిలితే లోకో ట్రాన్స్‌లేట్ అనే ప్లగిన్‌తో మీరే తెలుగులోకి దిద్దుకోవచ్చు.

తమిళనాడులో, కర్ణాటకలో ఇంట తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి రాని యువకులు ఎందరో ఉన్నారు. మన వ్యాసం వారికి వినబడితే అర్థమవుతుంది, కనబడితే అర్థం కాదు. అక్షరముఖ అనే లిపిమార్పిడి పరికరం ఒక ప్లగిన్‌ను కూడా ఇస్తోంది. తెలుగు పుటను దానితో కన్నడ లిపిలో చూడవచ్చు, దాదాపు అక్షరానికి అక్షరం కుదురుతుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం గనుక పక్కన అంకెలు వేయవలసి వస్తుంది. లిపిని వదులుకోవడమేనని కొందరు పెద్దలు దీనిని ఇష్టపడరు. వారి బాధ నాకు తెలుసు. అయినా చదవలేక వెనుదిరిగే పిల్లవాడికంటే కన్నడ లిపిలో తెలుగు చదివే పిల్లవాడు మనకు దగ్గర అని నా నమ్మకం. తెలుగు వరుస పైన, కన్నడ వరుస కింద పెడితే లిపి కూడా మెల్లగా పట్టుబడుతుంది.

చివరగా కాపలా. ఒక ప్లగిన్‌ను చేర్చుకొనేముందు దానిని ఎప్పుడు తాజాపరచారో చూడండి. ఇటీవలి మూడు ప్రధాన కూర్పులతో పరీక్షించలేదన్న పసుపు హెచ్చరిక కనబడితే దూరంగా ఉండండి. డబ్బుకు అమ్మే ప్లగిన్‌ను ఎవరో ఉచితంగా ఇస్తామంటే అసలే ముట్టవద్దు. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్‌తో వారానికొకసారి మొత్తం వెబ్‌సైటు నకలు తీసి, సర్వరులో కాక వేరొకచోట దాచండి. ఏ ప్లగిన్ వేగాన్ని తింటోందో క్వెరీ మానిటర్ చూపుతుంది. చూశాక దానిని ఆపివేయండి, ఊరకే ఉంచి నడపవద్దు.

ఇప్పుడు మీ మీ ఫోన్లు తీయండి. వైఫై ఆపి, మీ వెబ్‌సైటు చిరునామాను గూగుల్ వారి పేజ్‌స్పీడ్ పరీక్షలో ఇవ్వండి. పుటలోని ముఖ్యభాగం కనబడటానికి పట్టే సమయం రెండున్నర సెకన్లలోపు ఉంటే మంచిదే. ఎక్కువ ఉన్నవారు ముందు వరుసలోకి రండి, బరంపురంవారితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.