రిపోర్టు బాగున్నా, గడ్డ ఉంటే ఊరుకోవద్దు



ఒక్క కిస్తీ తప్పితే పుస్తకం తిరగేసి పట్టుకుంటాం. ఒంట్లో తేడా వస్తే మాత్రం తర్వాత చూద్దాంలే అంటాం.

పోయినేడు మా సంఘంలో ఒక అక్కకు రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదని ఊరుకుంటే మేమే పట్టుబట్టి తీసుకెళ్లాం. మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నారు. సంతోషంగా ఇంటికొచ్చేశాం. గడ్డ పోలేదు. మూడు నెలలకు మళ్లీ వెళ్తే స్కానింగ్, సూది పరీక్ష చేశారు. క్యాన్సరే. ఆ మూడు నెలలు మమ్మల్ని ఇప్పటికీ బాధపెడతాయి. అక్క ఇప్పుడు వైద్యం చేయించుకుంటూ మీటింగుకు వస్తోంది.

డాక్టరమ్మ అప్పుడు చెప్పింది: వయసులో ఉన్నవాళ్లకు రొమ్ము లోపల చిక్కగా ఉంటుంది. ఫిల్ములో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనబడుతుంది. అందుకే గడ్డ దాగిపోవచ్చు. చేత్తో చూస్తే మరీ చిన్నవి దొరకవు. అనుమానం ఉంటే తేల్చేది సూది పరీక్షే. అలాగని గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ మామూలువే. భయపడొద్దు, దాచొద్దు.

30 ఏళ్లు దాటినవాళ్లం సబ్ సెంటర్‌లో ఏఎన్ఎం అమ్మకు చూపించుకుందాం. గడ్డ, చర్మం సొట్ట, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, ఏది కనిపించినా ఆగొద్దు. రిపోర్టు బాగున్నా గడ్డ అలాగే ఉంటే మళ్లీ వెళ్దాం. ఏ అక్కనూ ఒంటరిగా పంపొద్దు. సంఘం నుంచి ఒకరం తోడు పోదాం.