సినిమాల్లో హింస – మన వంతు



సినిమాల్లో నరుకుడు, రక్తపాతం ఎక్కువైపోతున్నదని మనమంతా అంటూనే ఉన్నాం. 2023 డిసెంబరులో వరంగల్లు బిడ్డ సందీప్ రెడ్డి వంగా తీసిన హిందీ చిత్రం ‘యానిమల్’ మీద రాజ్యసభలో కూడా ప్రస్తావన వచ్చింది. సెన్సారువారు ఎలా ఒప్పుకున్నారని కొందరు, కళాకారుడి చేతులు కట్టేయరాదని కొందరు వాదించుకున్నారు. సెన్సారువారిని నేనూ తిట్టినదాన్నే.

అదే నెలలో ‘సలార్’ వచ్చింది. అది ‘ఏ’ సర్టిఫికెట్ సినిమా. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లే చూడాలి. మా మరిది కొడుక్కి తొమ్మిదేళ్లు. ప్రభాస్ అంటే ప్రాణం. ఇంటిల్లిపాదీ బయలుదేరాం. గేటు దగ్గర టికెట్లు చింపే అబ్బాయి “బాబును పంపరాదమ్మా” అన్నాడు. “పెద్దవాళ్లం వెంట ఉన్నాం గదా, నీకేం పోయింది?” అని దబాయించింది నేనే. వెనుక జనం తోసుకొస్తుంటే పాపం, అతను పక్కకు తప్పుకున్నాడు.

ఇంటర్వెల్‌కు ముందు కొట్లాటలో పిల్లవాడు నా కొంగులో మొహం దాచుకున్నాడు. తర్వాత దాచుకోలేదు. కత్తులు లేచినా కన్నార్పలేదు. ధైర్యం వచ్చిందని మురిశాను. మర్నాడు వాడి చెల్లెలు గడప తట్టుకుని పడి, మోకాలు చీరుకుపోయి ఏడుస్తున్నది. వీడు ఆ నెత్తురు చూసి, “ఇంతే గదా పెద్దమ్మా!” అని నవ్వాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు అడిగి తెలుసుకున్నాను. సినిమా మనసు మీద బలంగా పనిచేస్తుంది గనుక ముందుగా సెన్సారు చేయడం తప్పు కాదని 1970లో కె. ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1983లో వచ్చిన ‘యు/ఏ’ సర్టిఫికెట్ మాత్రం పిల్లలకు చూపాలా వద్దా అన్నది తల్లిదండ్రులకే వదిలింది. 2024 నియమాలు దాన్ని 7, 13, 16 ఏళ్లని మూడుగా విడదీశాయి. ‘ఏ’లో ఆ వెసులుబాటు లేదు. కన్నతల్లి పక్కనున్నా తొమ్మిదేళ్లవాడికి ప్రవేశం లేదు. గేటు దగ్గర నేను చేసిన వాదన ‘యు/ఏ’కు చెల్లేది, అక్కడ చెల్లదు.

సెన్సారు కత్తెర ఎంత పదునైనదైనా మనమే వెనుకనుంచి తోసుకుపోతే ఏం లాభం? ఇక ఇంట్లో సెల్‌ఫోనుకు గేటూ లేదు, ఆపే మనిషీ లేడు. అక్కడ ఆ పని మనదే.

పోస్టరు మీద ఆ చిన్న అక్షరం చూసుకోండి. గేటు దగ్గర ఎవరైనా ఆపితే, “మంచిది నాయనా” అని పిల్లల చేయి పట్టుకుని వెనక్కి రండి.