సెలవు రోజు ఎవరిది?

(కార్యకర్తల శిక్షణా తరగతుల ముగింపు రోజున చేసిన ప్రసంగ పాఠం)

మూడు రోజులుగా మీరు ఇక్కడ కూలి రేట్ల గురించి, గృహహింస చట్టం గురించి, భూమి పట్టాల గురించి చర్చిస్తున్నారు. చివరి రోజున నేను ‘భార్యాభర్తలు ఊరు చూడ్డానికి వెళ్లడం’ గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. తీరిగ్గా ఉన్నవాళ్ల విషయం కదా అని ఒకరు అడిగారు కూడా. ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. తీరిక ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది కూడా హక్కుల ప్రశ్నే. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను ప్రతి మనిషికీ హక్కుగా చెప్పింది. పని హక్కు గురించి చెప్పిన వెంటనే ఆ మాట చెప్పింది. మనం మొదటిది పట్టుకున్నాం, రెండోది వదిలేశాం.

హైదరాబాద్‌లో మా పక్క బస్తీలో ఉండే ఒకామె నాకు పరిచయం. బట్టలు కుట్టే షెడ్డులో పని. భర్త ఆటో నడుపుతాడు. నల్లగొండ వైపు నుండి పెళ్లయ్యాక వచ్చారు. ఎనిమిదేళ్లయినా ఆమె చార్మినార్ చూడలేదు. ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లొచ్చారు. ఆ రోజు ఎలా గడిచిందో పొద్దుటినుంచి రాత్రిదాకా చెప్పమన్నాను. ఆమె అనుమతితో, పేరు లేకుండా, మీకు చెప్తున్నాను.

ఆమె నాలుగింటికి లేచింది. పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. పిల్లలను అత్తగారి దగ్గర వదిలి వెళ్లాలి కనుక వాళ్ల ముగ్గురికీ రెండు పూటలా తిండి విడిగా వండింది. నీళ్లు పట్టింది, బట్టలు ఉతికింది. ఆయన ఏడింటికి లేచి స్నానం చేసి “ఇంకా కాలేదా?” అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆరు రోజులు పొగలో తిరిగి ఏడో రోజు కాస్త ఎక్కువసేపు పడుకున్నాడు. అతనికి కూడా ఆటో తిరగని రోజు అంటే సంపాదన లేని రోజే. దారిలో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఇద్దరు చెయ్యెత్తితే, ఈమెను తన సీటు అంచున కూచోబెట్టుకుని వాళ్లను ఎక్కించుకున్నాడట. ఇది చెప్తూ ఆమె నవ్వింది. కష్టజీవుల సెలవు ఇలాగే ఉంటుంది, అందులో భర్త కష్టం కూడా ఉంది. కానీ ఆ కష్టంలోనూ ఒక తేడా ఉంది. అతని పని ఆ రోజు కొంతయినా ఆగింది. ఆమె పని ఆగలేదు, మూడు గంటలు ముందుకు జరిగిందంతే.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడిపారు. ఆ పని చేసే పురుషులు గడిపింది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లకూ తొమ్మిది తగ్గాయి. ఇంటిచాకిరీకి ఆదివారం లేదు.

చార్మినార్ దగ్గర ఆమె లాడ్ బజార్‌లో గాజులు బేరం చేసింది. బేరం ఈమెదే, డబ్బు తీయవలసింది మాత్రం ఆయన. “నా జీతం కూడా ఆయన జేబులనే ఉంటది అక్కా, జేబు నాకు లేదు గద” అంది. చివరికి రాళ్ల గాజులు వద్దని మామూలు గాజులు కొన్నారు. అడగడం ఎందుకులే అనుకుందట. కుట్టుపనిలో రోజంతా ఇతరుల చొక్కాలకు జేబులు కుట్టే మనిషి చెప్పిన మాట ఇది.

తరువాత సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ మేలిముసుగు రెబెక్కా విగ్రహం మీలో చాలామంది చూసి ఉంటారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నాడు. ముసుగు వెనక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది కానీ ముసుగు, ముఖం ఒకే రాయి. భర్త గడియారం గంట కొట్టే వేళయిందని తొందర పెడుతున్నా ఆమె అక్కడే నిలబడిందట. “పల్చటి బట్టనే అనుకున్న. రాయి అని తెలిసినంక భయమైంది” అంది. నేను తరగతి గదిలో ఆ బొమ్మ గురించి ఎన్నోసార్లు మాట్లాడాను. ఈ మాట నాకు తట్టలేదు.

మధ్యాహ్నం పులిహోర తిన్నారు. ఆమె నీళ్లు తాగలేదు. “తాగితే యాడికి పోవాలె?” అంది. పొద్దున ఇంట్లో తాగిన టీ తప్ప సాయంత్రం దాకా ఆమె గొంతులోకి నీటిచుక్క పోలేదు. ఎక్కడ మరుగుదొడ్డి ఉంటుందో, అది తెరిచి ఉంటుందో లేదో, లోపల గడియ పడుతుందో లేదో తెలియని మనిషి దాహాన్నే ఆపుకుంటుంది. మగవాడు నగరంలో ఏ గోడ పక్కనయినా నిలబడతాడు. స్త్రీల యాత్ర దూరాన్ని కిలోమీటర్లలో కాదు, ఒక మరుగుదొడ్డికీ ఇంకో మరుగుదొడ్డికీ మధ్య గంటల్లో కొలవాలి. మూత్రకోశ వ్యాధులతో ఆసుపత్రికి వచ్చే పనివాళ్లను మీరు చూస్తూనే ఉన్నారు.

సాయంత్రం గోల్కొండ. కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తుందని గైడు చూపించాడట. తారామతి పాట గురించి చెప్పాడట. హయాత్ బక్షీ బేగం పేరు చెప్పాడా అని అడిగాను, లేదంది. ఆమె ఒక సుల్తానుకు కూతురు, ఇంకొకరికి భార్య, మరొకరికి తల్లి. కుమారుడు చిన్నవాడుగా గద్దెనెక్కినప్పుడు రాజ్య వ్యవహారాలు చూసింది. హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. పక్కనే కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆమె సమాధి రాజుల సమాధులతో సమానంగా నిలబడి ఉంది. కోటలో మనకు వినిపించేది మాత్రం పాడిన స్త్రీ, ప్రేమించబడిన స్త్రీ. పాలించిన స్త్రీ కథలోకి రాదు.

మెట్లు సగం ఎక్కాక సంచీ ఎవరు చూసుకోవాలనే ప్రశ్న వచ్చింది. అలవాటుగా ఆమె కూచుంది, ఆయన ఎక్కి దిగి వచ్చాడు. “పైన ఏం లేదు, పోదాం పా” అన్నాడు. ఆమె సంచీ అతని ఒళ్లో పెట్టి “నేను చూసొస్త” అని ఒక్కతే ఎక్కింది. పైన ఎంతసేపున్నావంటే, పది నిమిషాలు ఉంటానేమో అంది. ఏం చూశావంటే చాలాసేపు చెప్పలేకపోయింది. చివరికి ఇలా అంది: “పది నిమిషాలు నన్ను ఎవ్వరు ఏం అడగలే.”

మిత్రులారా, ఆ రోజంతటిలో ఆమెకు దొరికిన సెలవు ఆ పది నిమిషాలు.

ఇంకొక సంగతి. తిరుగుదారిలో చెరువు గట్టున కాసేపు కూచుంటే ఒక పెద్దమనిషి వచ్చి “మీ ఇద్దరికీ ఏమవుతుంది?” అని అడిగాడట. ఆమె తాళి బయటికి తీసి చూపించింది. అతను వెళ్లిపోయాడు. తాళి గుర్తింపు కార్డులా పనిచేసింది. మరి తాళి లేనివాళ్ల సంగతేమిటి? 2021 ఆగస్టులో ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. మహిళా కార్యకర్తలు నిరసించాక తీసేశారు. ఫిబ్రవరి 14న పార్కుల్లో జంటల వెంటపడి తాళి కట్టమని బెదిరించిన సందర్భాలు మనకు తెలుసు. కులం దాటి, మతం దాటి కలిసి నడిచే జంటకు ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వస్తుంది. ఒంటరి స్త్రీని అడిగే ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: “ఒక్కదానివే ఎందుకొచ్చావు?” అంటే బహిరంగ స్థలంలో స్త్రీ ఉండాలంటే ఒక భర్తో, ఒక పనో కారణంగా చూపాలి. ఊరికే ఉండడం నేరంలా ఉంది.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుండి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయింది. అప్పుడు విన్న మాటలు గుర్తు చేసుకోండి. పనీపాటా లేకుండా తిరుగుతున్నారన్నారు. గుళ్లకూ పుట్టింటికీ ఊరికే పోతున్నారన్నారు. టికెట్ డబ్బుల గురించిన కోపం అందులో కొంతే. స్త్రీ కారణం లేకుండా కదిలిందన్న కోపం ఎక్కువ. మనలో కొందరం దానికి జవాబుగా “లేదు, పనులకే వెళ్తున్నారు” అని వాదించాం. ఆ వాదన నిజమే కానీ చాలదు. ఊరికే పోతే మాత్రం తప్పేమిటి అని కూడా మనం అనాల్సింది.

అయితే బస్సు ఉచితమైనంత మాత్రాన రోజు ఉచితం కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికులకు వారానికొక సెలవు హక్కుగా ఇచ్చింది. ఇళ్లల్లో పనిచేసే స్త్రీలకు అది అందలేదు. వాళ్లకు వారానికి ఎడతెగని 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. దాన్ని మన దేశం ఇంకా ధృవీకరించలేదు. మనం ఈ సమావేశానికి రాగలిగామంటే మన ఇళ్లల్లో ఎవరు పని చేస్తున్నారో కూడా ఆలోచించుకోవాలి.

కనుక నా సూచనలు చిన్నవే. చూడదగిన స్థలాల్లో మరుగుదొడ్లు, మంచినీళ్లు, కూచునే బల్లలు ఉన్నాయో లేదో మీ మీ ఊళ్లలో తిరిగి జాబితా రాయండి, మున్సిపాలిటీకి ఇవ్వండి. పనివాళ్ల సంఘాల కోరికల పత్రంలో వారపు సెలవును కూలి రేటు పక్కనే రాయండి. జంటలను ప్రశ్నించే అధికారం ఏ కాపలాదారుకీ లేదని బోర్డులున్న చోట నిలదీయండి. భర్తలతో జరిపే సమావేశాల్లో, యాత్రకు ముందురోజు వంట ఎవరు చేస్తారో మాట్లాడండి.

ఇదంతా చెప్పాక ఆమె నన్నొక ప్రశ్న అడిగింది. “నువ్వెప్పుడన్న ఒక్కదానివే ఎక్కినవా అక్కా, గోల్కొండ?”

ఈ నగరం మీద పరిశోధన చేసి పట్టా తీసుకున్నదాన్ని. గోల్కొండ ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. విద్యార్థులతో ఎక్కాను, చుట్టాలతో ఎక్కాను, నోట్సు పుస్తకంతో ఎక్కాను. ఊరికే, ఒక్కదాన్నే ఎక్కలేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను.

“అయితే వచ్చే ఐతారం పోదాం. నేను కింద సంచీ పట్టుకొని కూసుంట, ముందు నువ్వు పో” అంది.