సామాను కాని సామాను



పరదేశమున కొన్నేండ్లు కాపురముండి స్వదేశమునకు మరలివచ్చు కుటుంబములవారు తమ పుస్తకములను, పాత్రలను, బల్లలను, కుర్చీలను పెట్టెలలో కట్టించి ఓడమీద పంపుకొందురు. ఆ పెట్టెలు మనుష్యులకంటె ఆలస్యముగా చేరినను చట్టము వానిని ప్రయాణికుల సామానుగనే ఎంచును. ఇంటిముందున్న కారును కూడ అట్లే ఓడ కెక్కింపవచ్చునని చాలమంది తలంతురు. అది పొరపాటు. 1962 నాటి మన కస్టమ్సు చట్టము రెండవ సెక్షనులోనే సామాను అను మాటను నిర్వచించుచు, మనిషివెంట రాక విడిగా వచ్చునది కూడ సామానేననియు, మోటారు వాహనము మాత్రము కాదనియు చెప్పినది.

కనుక నివాసము మార్చుకొనువారికి ఇతర గృహోపకరణములపై లభించు సుంకపు రాయితీ కారునకు లేదు. ఓడ కిరాయిని, బీమాను కూడ ధరలో కలిపి ఆ మొత్తముపై సుంకము కట్టుదురు. వాడిన కారైనచో పన్నులన్నియు కలిసి కారు విలువనే మించిపోవును.

ధనవంతులు ఆ భారమును మోయుదుమన్నను, ధనముతో తీరని షరతులు కొన్ని కలవు. వాడిన కారు తయారై మూడేండ్లు మించరాదు. కొన్న తేదీ ఇచట లెక్కకు రాదు. స్టీరింగు కుడివైపున ఉండవలెను. వేగమును చూపు మీటరు కిలోమీటర్లలో ఉండవలెను. దింపుట ముంబయి రేవులోనే. ఇంటి మేడమీదినుండి ఓడలను చూడగల విశాఖవాసికి సైతము ఈ నియమము తప్పదు.

వీనిలో మన తెలుగువారికి గట్టిగా తగులునది స్టీరింగు షరతు. మనవారు అధికముగా నున్న అమెరికాలోను, గల్ఫు దేశములలోను అది ఎడమవైపున నుండును. మాకు తెలిసిన దంపతులు టెక్సాసునుండి హైదరాబాదునకు మరలివచ్చుచు, తొలిబిడ్డను ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చుకొన్న కారును విడువజాలక, స్టీరింగును కుడివైపునకు మార్పింపవచ్చునా యని మమ్మడిగిరి. వారి మమకారము మాకర్థమైనది. కాని మార్చవలసినది చక్రమొక్కటి కాదు. దానికింది యంత్రభాగములు, పెడళ్లు, మీటర్ల పలక, దీపములు అన్నియు మారవలెను. ఆ ఖర్చుతో ఇచట మరియొక కారు వచ్చును. వారి కారు అక్కడనే అమ్ముడుపోయినది. తాళపుచెవికున్న తోలుబిళ్ల మాత్రము హైదరాబాదు చేరినది.

చిత్రమేమనగా, 1988 నాటి మోటారు వాహనముల చట్టము, తగిన సంకేత పరికరమున్నచో, ఎడమ స్టీరింగు కారును రోడ్డుమీద నడుపుటకు అంగీకరించుచున్నది. త్రోవ మూసినది రోడ్డు చట్టము కాదు, దిగుమతి నియమము.

బ్రిటను పద్ధతి వేరు. పండ్రెండు నెలలైనను బయట నివసించి, ఆరు నెలలైనను స్వంతముగా వాడుకొన్న కారును వెంటతెచ్చుకొనువారికి, ముందుగా దరఖాస్తు పెట్టుకొన్నచో, సుంకమును మినహాయింతురు; పిమ్మట ఒక సంవత్సరము దానిని అమ్మరాదు, అద్దెకీయరాదు. అమెరికావారు తమ భద్రతా ప్రమాణములను పట్టుకొందురు. వానికి సరిపోని కారు 25 ఏండ్ల లోపుదైనచో దానికి సాధారణముగా శాశ్వత ప్రవేశము లేదు. ఇచట మన మెంతో ముద్దుగా చూచుకొన్న మారుతి కారుకైనను అంతే.

ఇతర దేశముల పాతకార్లు మనమీదికి గుట్టలుగా రాకుండ చూచుట న్యాయమే. కాని కుడి స్టీరింగున్న తన ఒక్క కారుతో ఇల్లు చేరగోరు మనిషిని వ్యాపారితో సమముగా చూచుట మాకు సమంజసముగా తోచదు. బ్రిటనువారి పద్ధతి మనకును తగియుండును.

బ్రిటను, ఆస్ట్రేలియా, సింగపూరులనుండి రాదలచినవారు కారు తయారైన తేదీని కాగితములలో ముందుగా సరిచూచుకొని, కస్టమ్సు వారిని విచారించి, ఆ తరువాతనే ఓడలో చోటు కుదుర్చుకొనవలెను. రేవులో చిక్కుకొన్న కారుపై నిలువ రుసుము దినదినమును పెరుగుచుండును.